లారీ డ్రైవింగ్‌లోకి రావాలనుకుంటున్నాను, మొదటి అడుగు ఎక్కడ వేయాలి?

కొండపి కుర్రాడు
ఆదివారం, రాత్రి 9.15

అందరికీ నమస్కారం. మాది కొండపి పక్కన చిన్న ఊరు. నాకు 21 ఏళ్లు. డిగ్రీ రెండో ఏడాదిలో మానేశాను, ఇంట్లో పని చేసే చెయ్యి కావాల్సి వచ్చింది. 18 నిండగానే లైసెన్స్ తీసుకుని ట్రాక్టర్ తోలుతున్నాను. పోయిన పొగాకు సీజన్ అంతా మా మేనమామ పికప్‌లో బేళ్లు వేలం కేంద్రానికి చేరవేశాను. బండి మీద ఉంటే నాకు అలసట తెలియదు. టంగుటూరు దగ్గర హైవే ఎక్కినప్పుడల్లా పక్కన పోయే పద్నాలుగు చక్రాల బండ్లనే చూస్తుంటాను. ఆ పని నేర్చుకోవాలని ఉంది. నాలుగు రోజుల సరదా కాదు, అదే నా బతుకుతెరువు కావాలని.

మా నాన్న కూడా లారీ డ్రైవరే. పదేళ్ల కిందట నడుం నొప్పితో దిగిపోయాడు. ఆ తర్వాత బండి మాట ఎత్తడు. నేను ఈ సంగతి చెప్పినప్పటి నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. అమ్మయితే రెండు పూటలు అన్నం ముట్టలేదు. అందుకే ఇంట్లో అడగలేనివి ఇక్కడ అడుగుతున్నాను. హెవీ లైసెన్స్‌కు ఇప్పుడే పెట్టుకోవచ్చా? ముందు క్లీనర్‌గా పోవాలా? కృష్ణపట్నం పోర్టు బండ్లు మేలా, చీమకుర్తి రాయి బండ్లు మేలా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

లైసెన్స్ మేస్టారు (ఒంగోలు)
ఆదివారం, రాత్రి 10.02

బాబూ, ముందు లైసెన్స్ సంగతి చెబుతాను. దాని మీద తప్పుడు మాటలు చాలా తిరుగుతున్నాయి.

రవాణా వాహనం నడపడానికి 20 ఏళ్లు నిండాలి. ఎల్‌ఎంవీ లైసెన్స్, అంటే కారు లాంటి తేలిక బండ్ల లైసెన్స్, చేతికొచ్చి ఏడాది దాటాలి. నీ కార్డు తీసి దాని మీద ఎల్‌ఎంవీ అని ఉందో లేదో ఒకసారి చూసుకో. ఉంటే హెవీకి నువ్వు ఇప్పుడే అర్హుడివి. ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధన 2019లోనే తీసేశారు. నీకు అది అడ్డు కాదు, కానీ చదువు లేదని ఆగిపోయిన స్నేహితులెవరైనా ఉంటే వాళ్లకు చెప్పు.

రవాణా శాఖ సారథి వెబ్‌సైట్‌లో ఎల్‌ఎల్‌ఆర్‌కు, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్స్‌కు, స్లాట్ పెట్టుకోవాలి. డాక్టర్ పరీక్ష చేసి సంతకం పెట్టిన ఫారం 1ఏ కావాలి. గుర్తింపు ఉన్న డ్రైవింగ్ స్కూల్ ఇచ్చే ఫారం 5 కావాలి. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాక టెస్టుకు పోవచ్చు. వచ్చిన రవాణా లైసెన్స్ ఐదేళ్లు ఉంటుంది. గ్యాస్, పెట్రోలు, ఆసిడ్ లాంటి ప్రమాదకరమైన సరుకు తోలేవాళ్లకు మాత్రం మూడేళ్లే, మళ్లీ శిక్షణ తీసుకుంటేనే రెన్యువల్.

ఇక నా మనసులో మాట. బండి ఎక్కనక్కర్లేదు, డబ్బు కడితే ఫారం 5 చేతిలో పెడతాం అనేవాళ్లు ఉన్నారు. నా దగ్గరికే వచ్చి అలా అడిగేవాళ్లు ఉన్నారు. నేను ఇవ్వను. ఇరవై టన్నుల బరువును ఆపడం రానివాడికి కాగితం ఇస్తే, ఎదురుగా స్కూటర్ మీద వచ్చేవాడి ప్రాణానికి ఎవరు జవాబుదారీ? మన జిల్లాలోనే దర్శిలో డ్రైవింగ్ శిక్షణ సంస్థ ఉంది, ఐడీటీఆర్ అంటారు. పోయి హెవీ బ్యాచ్‌లు ఎప్పుడో కనుక్కో. నెల రోజులు పోయినా పరవాలేదు, సరిగ్గా నేర్చుకో.

ముత్తుకూరు రోడ్డు
ఆదివారం, రాత్రి 10.20

మేస్టారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న రవాణా బండ్లకు ఎల్‌ఎంవీ లైసెన్స్ చాలు. అంటే నువ్వు తోలిన పికప్‌కు ఇబ్బంది లేదు. హెవీ చేతికొచ్చేదాకా అలాంటి బండి మీదే చెయ్యి తిప్పుకో.

పాత స్టీరింగ్ (కావలి)
సోమవారం, ఉదయం 6.10

నాయనా, నేను 1988లో క్లీనర్‌గా ఎక్కాను. మూడేళ్ల కిందట దిగాను. మధ్యలో ఎన్ని లక్షల కిలోమీటర్లో లెక్క పెట్టుకోలేదు.

క్లీనర్‌గా పోవాలా అని అడిగావు. పోవాలి. మా గురువు నాకు ఏడాదిన్నర స్టీరింగ్ ముట్టనివ్వలేదు. లోడు మీద కప్పే పట్టా ఎట్లా కట్టాలో నేర్పాడు. తాడు ముడి ఎక్కడ పడితే లోడు జరగదో నేర్పాడు. వర్షంలో పట్టా మీద నీళ్లు నిలిస్తే సరుకు ఎట్లా పాడవుతుందో చూపించాడు. రాత్రి రెండింటికి నన్ను లేపి, బాటిల్ నీళ్లతో మొహం కడిగించి, పక్కన కూర్చోబెట్టుకుని ఎదురొచ్చే బండి లైట్లు చూపించేవాడు. ఆ బండి ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంగా వస్తోంది, దాని డ్రైవర్ మెలకువగా ఉన్నాడా కునుకుతున్నాడా, చెప్పు అనేవాడు. మొదట్లో అన్నీ తప్పే చెప్పేవాణ్ణి. ఆరు నెలలకు సరిగ్గా చెప్పడం మొదలుపెట్టాను. అప్పటికి ఈ హైవే నాలుగు లైన్లు కాదు, రెండే. ఎదురు బండి మనసు తెలియకపోతే బతికేవాళ్లం కాదు.

మొదటిసారి స్టీరింగ్ ఇచ్చింది తెట్టు దాటాక, తెల్లవారుజామున, ఖాళీ బండి. నా చేతులు వణికాయి. ఆయన ఒక్క మాటా అనలేదు, తన చెయ్యి మాత్రం హ్యాండ్ బ్రేక్ మీద నుంచి తియ్యలేదు. అప్పుడు అలా జరిగిపోయింది. ఇప్పుడు నువ్వు ఎల్‌ఎల్‌ఆర్ లేకుండా, పక్కన లైసెన్స్ ఉన్న శిక్షకుడు లేకుండా ముట్టుకోవద్దు. ఏదన్నా జరిగితే ఇన్సూరెన్స్ రాదు, జీవితం పోతుంది.

బండి తోలడం మూడు నెలల్లో వచ్చేస్తుంది. లోడును చూసుకోవడం, నిద్రను చూసుకోవడం, ఈ రెండూ పక్కన కూర్చుంటేనే వస్తాయి.

ముత్తుకూరు రోడ్డు
సోమవారం, ఉదయం 8.45

పెద్దాయనా, మీ మాట కాదనడం లేదు. కానీ ఇప్పుడు క్లీనర్‌ను పెట్టుకునే ఓనర్లు ఎంతమంది ఉన్నారు? పోర్టు బండ్లలో సగానికి పైగా సింగిల్ డ్రైవరే. నేను హెవీ వచ్చిన మూడో వారంలోనే ఒంటరిగా బొగ్గు లోడుకు పోయాను. నేర్పేవాళ్లు లేరు. వెనక్కి తీయడం రాక యార్డులో గంట సేపు అవస్థ పడ్డాను, వెనకాల లైన్‌లో ఉన్న డ్రైవర్ దిగి వచ్చి చెయ్యి ఊపుతూ తీయించాడు. తమ్ముడికి క్లీనర్ పని దొరకకపోతే ఏం చేయాలి, అది చెప్పండి.

పోర్టు పని గురించి అడిగావు కదా తమ్ముడూ. దూరం తక్కువ, రాత్రికి ఇంటికి రావచ్చు, అది మంచి. గేట్ పాస్‌కు లైసెన్స్, ఆధార్ చూపించాలి. హెల్మెట్, బూట్లు, మెరిసే జాకెట్ లేకపోతే లోపలికి పోనివ్వరు. లైన్‌లో ఎదురుచూడటమే ఎక్కువ. ట్రిప్పు లెక్కన డబ్బులిచ్చే చోట ఆ ఎదురుచూపుకు రూపాయి రాదు. పోగొట్టుకున్న ట్రిప్పు కోసం తర్వాత తొందరపడతాం. ప్రమాదాలు అక్కడే మొదలవుతాయి. నాకు తెలిసిన ఇద్దరు అలా దెబ్బ తిన్నారు.

నాలుగు బండ్ల ఓనర్ (సింగరాయకొండ)
సోమవారం, మధ్యాహ్నం 1.30

ఓనర్ తరఫు మాట కూడా వినండి. కొత్త హెవీ లైసెన్స్ చూపించినంత మాత్రాన నేను స్టీరింగ్ ఇవ్వను. ఒక్క బండి కిస్తీ నా ఇల్లంతా కుదిపేస్తుంది. క్లీనర్ కాదు, హెల్పర్ కమ్ సెకండ్ డ్రైవర్ అని పెట్టుకుంటాను. ఆరు నెలలు పాత డ్రైవర్‌తో తిరగాలి. ఖాళీ బండి, పగలు, నాలుగు లైన్ల రోడ్డు, అలా మొదలు. ఆ తర్వాత సగం లోడు. రాత్రి ఆఖరున. ఇలా తయారైన ముగ్గురు నా దగ్గర ఏళ్ల తరబడి ఉన్నారు. తమ్ముడు పక్క ఊరివాడే కాబట్టి ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నాక ఒకసారి కలవమనండి. మాట ఇవ్వడం లేదు, చూస్తాను.

ఆటోనగర్ పానా (నెల్లూరు)
సోమవారం, రాత్రి 8.50

నేను డ్రైవర్‌ని కాదు, మెకానిక్‌ని. 22 ఏళ్లుగా రోడ్డు మీద ఆగిపోయిన బండ్లు చూస్తున్నాను. చాలావరకు పొద్దున పావుగంట చూసి ఉంటే ఆగేవి కావు.

స్టార్ట్ చేసే ముందు బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చెయ్యి. ఆయిల్ గేజి తీసి చూడు, రేడియేటర్ నీళ్లు చూడు. కొత్త పొగ నిబంధనల బీఎస్-6 బండ్లు వచ్చాక యాడ్‌బ్లూ అని, పొగను శుభ్రం చేసే ద్రవం ఇంకొకటి చేరింది. అది అయిపోతే ఇంజిన్ బలం తగ్గించేస్తుంది, లోడుతో రోడ్డు మధ్యలో ఇరుక్కుంటావు. చక్రాల నట్ల చుట్టూ తుప్పు చారలు కనబడితే నట్టు వదులైందని అర్థం.

టైర్ల గురించి గట్టిగా చెబుతాను. వెనక జంట టైర్లలో లోపలిది కనబడదు. బయట టైరు నిండుగా ఉంటే రెండూ బాగున్నాయనుకుంటారు. ఇనప రాడ్డుతో రెండింటినీ కొట్టి విను. గాలి నిండుగా ఉంటే రాడ్డు టంగున ఎగురుతుంది. తగ్గితే దబ్బుమని చచ్చిన శబ్దం వస్తుంది. లోపలిదాంట్లో గాలి తగ్గితే బరువంతా బయట టైరు మీద పడి, ఎండకు అది కూడా పేలుతుంది. మే నెలలో మన హైవే పక్కన చూడు, రబ్బరు ముక్కలే.

ఎయిర్ బ్రేక్ నీకు కొత్త. ట్రాక్టర్‌కు, పికప్‌కు అది లేదు. ట్యాంకులో గాలి ఒత్తిడి సరిపడా వచ్చేదాకా మీటరు చూస్తూ ఆగు. బజర్ మోగుతుంటే బండి కదపకు. ట్యాంకుల అడుగున ఉన్న వాల్వు లాగి నీళ్లు వదిలెయ్యి, ఆ నీళ్లే లోపల వాల్వులను పాడుచేస్తాయి. గిద్దలూరు నుంచి నంద్యాల వైపు ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేకు మీద కాలు వేసి కూర్చుంటే డ్రమ్ములు కాగి బ్రేకు పట్టదు. ఏ గేరులో ఎక్కుతావో అదే గేరులో దిగాలి, ఇంజిన్ పొగ దారి మూసి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేక్ వాడాలి. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో దింపేవాళ్లను చూశాను. వాళ్ల బండ్లను తర్వాత క్రేన్‌తో తెచ్చారు మా షెడ్డుకు. వద్దు తమ్ముడూ, ఎంత చెప్పినా వినకు ఆ మాట.

గెలాక్సీ లోడు (చీమకుర్తి)
సోమవారం, రాత్రి 11.40

రాయి బండి మేలా అని అడిగావు. మొదటి రెండేళ్లు వద్దు.

మా నల్లరాయి ఘనమీటరు దాదాపు మూడు టన్నులు. రెండున్నర మీటర్ల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు ఉన్న దిమ్మ చూడటానికి పెద్దగా అనిపించదు, పదిహేడు టన్నులు తూగుతుంది. పొగాకు బేలు జరిగితే కింద పడుతుంది. దిమ్మ జరిగితే క్యాబిన్‌లోకి వస్తుంది, లేదా మలుపులో బండినే తిప్పేస్తుంది. కింద చెక్క దుంగలు, పక్కన ఆపులు, పైన గొలుసు, పది కిలోమీటర్లు పోయాక ఆగి మళ్లీ బిగించడం. గొలుసు మొదట్లో బిగుతుగానే ఉంటుంది, రోడ్డు కుదుపుకు సర్దుకుని వదులవుతుంది. అది తెలియక ఒకసారి మలుపులో దిమ్మ జానెడు జరిగింది. బండి ఆపి, దిగి, చాలాసేపు రోడ్డు పక్కన కూర్చుండిపోయాను. నాతో పాటు ఆ రోజు మా తమ్ముడు కూడా ఉన్నాడు.

బరువు సంగతి. 2018 నుంచి పది చక్రాల బండికి బండితో కలిపి 28.5 టన్నులు. అంతకు మించితే జరిమానా 20 వేలు, ఎక్కువైన ప్రతి టన్నుకు ఇంకో 2 వేలు. బండి ఎక్కే ముందే ఓనర్‌ను అడుగు, ఓవర్‌లోడ్ కేసు పడితే ఎవరు కడతారని. చూద్దాంలే అన్నాడంటే నీ జీతంలోనే కోస్తాడు. బండి బరువు తూచిన కాటా చీటీ నీ చేతికి రాకుండా గేటు దాటకు.

గూడూరు నిమ్మ
మంగళవారం, ఉదయం 5.05

ఢిల్లీ లైన్‌లో ఉన్నాను, నాగ్‌పూర్ దాటాను. చిన్నగా రాస్తాను. నిమ్మకాయ ఆగదు, అందుకే మా బండికి ఇద్దరం. గూడూరు నుంచి ఢిల్లీ రెండు వేల కిలోమీటర్ల పైనే. పనికొచ్చేంత హిందీ ఇప్పుడే నేర్చుకో. టైరు, పంక్చర్, కాటా, బిల్టీ (సరుకు రవాణా చీటీ), రసీదు, ఇవి అడగడం వస్తే చాలు మొదట్లో. సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు అని ఆన్‌లైన్‌లో తీసే రవాణా పత్రం ఉండాలి, దానికి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు. దారిలో బండి చెడితే గడువు దాటకముందే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు ఫోన్ చేసి పొడిగించమని చెప్పాలి. నాకు ఎవరూ చెప్పలేదు, మొదటిసారి ఒక చెక్‌పోస్టులో రోజంతా ఉండిపోయాను.

కొండపి కుర్రాడు
మంగళవారం, రాత్రి 9.30

అన్నలందరికీ, మేస్టారికీ, పెద్దాయనకూ దండాలు. ప్రతి మాటా నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. లోపలి టైరు సంగతి నాకు అస్సలు తెలియదు.

కార్డు చూసుకున్నాను, ఎల్‌ఎంవీ ఉంది. ఈ రోజు అమ్మతో కూర్చుని మాట్లాడాను. ఆమె భయం ఒక్కటే. నాన్న ఒకసారి నాలుగు రోజులు ఫోన్ లేకుండా పోయాడట, అప్పుడు నేను చిన్నవాణ్ణి. ఇంకొకటి, ప్రమాదం జరిగితే జనం కొట్టి చంపుతారని, పారిపోతే పదేళ్లు జైలని ఎవరో చెప్పారట. దానికి ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

ఇంటి దగ్గర మనిషి (బుచ్చిరెడ్డిపాళెం)
మంగళవారం, రాత్రి 10.55

తమ్ముడూ, నేను బండి తోలను. మా ఆయన 19 ఏళ్లుగా తోలుతున్నాడు. మీ అమ్మ అన్నం మానేసిందని చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

ఆమెకు నువ్వు డ్రైవర్ కావడం ఇష్టం లేక కాదు. ఎక్కడున్నావో తెలియని రాత్రులను ఆమె ఒకసారి దాటింది, మళ్లీ దాటలేననుకుంటోంది. మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. బండి ఎక్కగానే, ఆపగానే, పడుకునే ముందు ఒక మెసేజ్. నడుపుతుండగా నేను ఫోన్ చెయ్యను, చేసినా ఎత్తొద్దని చెప్పాను. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర దారి ఆగిపోయినప్పుడు ఆయన బండిలోనే ఉండిపోయాడు. నీళ్ల క్యాన్, చిన్న స్టవ్వు, బియ్యం, కందిపొడి బండిలో ఉన్నాయని నాకు తెలుసు కాబట్టి నేను తట్టుకున్నాను. ఈ వస్తువులు మీ అమ్మ చేతే సర్దించు. తన చేత్తో సర్దిన సంచి నీతో పోతోందంటే ఆమెకు కొంత ధైర్యం.

నిద్ర మాట నాకు అందరికన్నా ఎక్కువ తెలుసు. మా ఆయన ఇంటికొచ్చిన రోజు పిల్లలతో, చుట్టాలతో, బజారు పనులతో గడిపి రాత్రి పదింటికి బయలుదేరేవాడు. పొద్దుటి నుంచి మేలుకునే ఉన్న మనిషి రాత్రంతా తోలేవాడు. ఒకసారి సూళ్లూరుపేట దాటాక డివైడర్‌కు రాసుకున్నాడు. దెబ్బలు లేవు. ఆ రోజు నుంచి రాత్రి బండి ఉంటే మధ్యాహ్నం రెండు నుంచి ఏడు దాకా మా ఇంట్లో టీవీ పెట్టం, చుట్టాలొచ్చినా లేపం. మా అత్తకు మొదట్లో కోపమొచ్చింది. వచ్చినా సరే. రాత్రి పోలీసులు ఆపి మొహం కడుక్కోమంటారు కదా, అది కాసేపే పనిచేస్తుంది. రెండింటి నుంచి ఐదింటి దాకా కన్ను మూతపడుతుంటే పక్కకు తీసి పడుకోవాల్సిందే. లేటయితే ఓనర్ తిడతాడు, తిట్టనీ.

మీ నాన్న నడుం సంగతి కూడా మర్చిపోకు. సీటు వెనక చిన్న దిండు, రెండు గంటలకోసారి దిగి నడవడం, మొదటి రోజు నుంచే.

పాత స్టీరింగ్
బుధవారం, ఉదయం 6.20

అమ్మా, నా భార్య ఈ మాటలు చదివి కళ్లు తుడుచుకుంది. అంతకంటే ఏం రాయను.

లైసెన్స్ మేస్టారు
బుధవారం, ఉదయం 9.00

జైలు గురించి అడిగావు. భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ రెండో భాగం అది. ప్రమాదంలో మనిషి చనిపోతే, పోలీసులకు చెప్పకుండా పారిపోయినవాడికి పదేళ్ల దాకా శిక్ష అని రాశారు. 2024 జనవరిలో డ్రైవర్లు దేశమంతా బండ్లు ఆపింది దాని మీదే. 2024 జులై 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క భాగాన్ని పక్కన పెట్టి ఉంచారు. అయినా మోటారు వాహనాల చట్టం ముందు నుంచీ చెబుతున్నది వేరే ఉంది. దెబ్బ తిన్నవాళ్లకు వైద్యం అందేలా చూడాలి, పోలీసులకు వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లో 24 గంటల లోపు చెప్పాలి. జనం కోపం వల్ల అక్కడ నిలబడలేని పరిస్థితిని చట్టమే గుర్తించింది. కాబట్టి 108కి, 112కి ఫోన్ చెయ్యి, ప్రాణభయం ఉంటే అక్కణ్ణుంచి కదిలి నేరుగా దగ్గరి స్టేషన్‌కు పో. స్టేషన్‌కు పోవడాన్ని పారిపోవడం అనరు. హైవే మీద బండి చెడినా, ఇంకేం జరిగినా 1033 ఉంది. ఈ మూడు నంబర్లు క్యాబిన్‌లో పెద్ద అక్షరాలతో అతికించుకో.

ఇంకో లెక్క. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఫోన్ వైపు రెండు సెకన్లు చూస్తే 30 మీటర్ల పైనే కళ్లు మూసుకుని తోలినట్టు.

ముత్తుకూరు రోడ్డు
బుధవారం, మధ్యాహ్నం 3.15

డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తుతాను, మొదటి ఏడాది నేను మోసపోయింది అక్కడే. నెల జీతమా, ట్రిప్పు లెక్కా, బాడుగలో వాటానా, ముందే తేల్చుకో. బత్తా, అంటే దారి ఖర్చులకిచ్చే రోజు డబ్బు, జీతంలోదా, విడిగానా? లోడింగ్ మామూళ్లు, పంక్చర్, పార్కింగ్ ఎవరివి? నేను ఒకచోట ఐదు నెలలు చేశాను. లెక్క చూసేసరికి నాకు రావాల్సింది పోయి నేనే బాకీ పడ్డాను. నా దగ్గర ఒక్క చీటీ లేదు, ఆయన దగ్గర నోట్‌బుక్ ఉంది. అప్పటి నుంచి డీజిల్ ఎన్ని లీటర్లు, కిలోమీటర్ రీడింగ్ ఎంత, అడ్వాన్స్ ఎంత, అన్నీ ఆ రోజే రాసి ఫోటో తీసి ఓనర్‌కు పంపుతున్నాను.

నాలుగు బండ్ల ఓనర్
బుధవారం, రాత్రి 7.40

ఆ తమ్ముడు చెప్పింది నిజం. అలా చేసే ఓనర్లు ఉన్నారు, మా అందరికీ చెడ్డ పేరు. నా తరఫున ఒకటి చెబుతాను, కొత్తవాళ్లెవరూ అడగరు ఇది. బండి ఇన్సూరెన్స్ పాలసీ కాగితం చూపించమని అడగండి. అందులో డ్రైవర్‌కు, క్లీనర్‌కు ప్రీమియం కట్టారో లేదో విడిగా ఒక లైన్ ఉంటుంది. అడిగితే కోపం తెచ్చుకునే ఓనర్ దగ్గర చేరొద్దు. మీ తరఫున బ్యాంకులో సురక్షా బీమా తీసుకోండి, ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 2 లక్షలు.

ఆటోనగర్ పానా
బుధవారం, రాత్రి 9.05

2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. ఎండాకాలం ఇంజిన్ వేడికి డ్రైవర్లు ఉడికిపోవడం నేను చూశాను, చాలా సంతోషమేసింది. అయితే తమ్ముడికి మొదట దొరికేది పాత బండే. తడి తువ్వాలు, మజ్జిగ దగ్గర పెట్టుకో.

కొండపి కుర్రాడు
ఆరు వారాల తర్వాత, శుక్రవారం, రాత్రి 8.10

అందరికీ మళ్లీ నమస్కారం. ఇన్నాళ్లు రాయలేదు, క్షమించండి.

ఎల్‌ఎల్‌ఆర్ వచ్చింది. కంటి పరీక్షలో కుడి కంటికి చిన్న నంబరు ఉందని తేలింది, అద్దాలు చేయించుకున్నాను. రాత్రి ఎదురు లైట్లు ఇంత స్పష్టంగా ఉంటాయని నాకు ఇప్పటిదాకా తెలియదు. స్కూల్లో రోజూ గంట ఎయిర్ బ్రేక్ బండి మీద కూర్చుంటున్నాను. మొదటి రోజు పికప్‌లో తొక్కినట్టు తొక్కాను, అందరం ముందుకు పడ్డాం. ఇప్పుడు మెత్తగా ఆపగలుగుతున్నాను. వెనక్కి తీయడం ఇంకా రాలేదు. టెస్టు వచ్చే నెల మొదటి వారం.

సింగరాయకొండ అన్నను కలిశాను. ఇంతకుముందు ఎక్కడ తోలావని అడగలేదు, పట్టా కట్టి చూపించమన్నారు. కట్టాను. విప్పించి మళ్లీ కట్టించారు, మూడుసార్లు. తర్వాత వాళ్ల పాత డ్రైవర్‌తో హెల్పర్‌గా చెన్నై ట్రిప్పుకు పంపారు. స్టీరింగ్ ముట్టుకోలేదు. పెద్దాయన చెప్పినట్టు నాయుడుపేట దాటినప్పటి నుంచి ఎదురొచ్చే బండ్ల లైట్లు చూస్తూ కూర్చున్నాను. నాకు అన్నీ ఒకేలా కనబడ్డాయి. డ్రైవర్ అన్న మాత్రం ఒక బండిని చూసి వేగం తగ్గించి ఎడమకు జరిగాడు. ఆ బండి మా పక్క నుంచి డివైడర్‌కు ఆనుకునేంతగా ఊగుతూ పోయింది. ఎలా తెలిసిందన్నా అని అడిగితే, లైట్లు నిలకడగా లేవు, అన్నాడు. పాలసీ కాగితం అడిగాను, అన్న నవ్వి చూపించారు. మా ఇద్దరి లైనూ ఉంది.

బుచ్చి అక్కా, సంచి అమ్మే సర్దింది. కందిపొడి, గోంగూర పచ్చడి, దిండు. ప్రతి ఆగిన చోటా మెసేజ్ పెట్టాను. ఆమెకు చదవడం రాదు, చెల్లెలు చదివి వినిపించిందట.

నాన్న సంగతి. ట్రిప్పు నుంచి వస్తూ బండి మా ఊరి అడ్డరోడ్డు దగ్గర కాసేపు ఆపాం, నన్ను దింపడానికి. నాన్న అక్కడ టీ కొట్టు దగ్గర ఉన్నాడు, నేను వస్తానని తెలిసి వచ్చాడో లేదో అడగలేదు. నాతో ఏమీ మాట్లాడలేదు. డ్రైవర్ అన్న చేతిలో రాడ్డు తీసుకుని బండి చుట్టూ నడిచాడు, నడుం పట్టుకుని ఒంగుతూ, ఒక్కో చక్రాన్నీ కొట్టుకుంటూ. ఎడమ వెనక చక్రం దగ్గర రెండుసార్లు కొట్టి, రాడ్డు నా చేతికిచ్చి, "లోపలిదాంట్లో గాలి లేదు, విను" అన్నాడు.